పెరడు నుంచి మిద్దెకు: సుల్తానాబాద్ ప్రాంత ఇంటితోట చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంటి పైకప్పు మీద పండ్ల మొక్కలు, కూరగాయలు, పూలు పెంచే పద్ధతికి 'మిద్దెతోట' అనే పేరు స్థిరపడింది. దీనిని మహానగర జీవితం నుంచి పుట్టిన కొత్త అలవాటుగా పరిగణించడం పరిపాటి. ఉత్తర తెలంగాణలోని సుల్తానాబాద్ ప్రాంతాన్ని ఆధారం చేసుకుని పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు. ఇక్కడి మిద్దెతోట పెరడు చరిత్రకు కొనసాగింపు. అయితే పెరట్లో ఉన్నవన్నీ మిద్దె మీదికి చేరలేదు. మొక్క చేరింది, బావి, పెద్దచెట్టు, ఇరుగుపొరుగుల విత్తన మార్పిడి కిందనే ఆగిపోయాయి. రెవిన్యూ రికార్డు, ఇంటి నిర్మాణం, నీటి వసతి, స్త్రీల శ్రమ అనే నాలుగు అంశాల ద్వారా ఈ మార్పును వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: పెరడు, మిద్దెతోట, ఆబాదీ, గోలెం, బతుకమ్మ, సుల్తానాబాద్, ఉత్తర తెలంగాణ.

రికార్డుకు ఎక్కని నేల

సుల్తానాబాద్ నేడు పెద్దపల్లి జిల్లాలోని పురపాలక పట్టణం. హైదరాబాద్ నుంచి సిద్దిపేట, కరీంనగర్‌ల మీదుగా రామగుండం వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉంది. నిజాం పాలనలో ఇది తాలూకా కేంద్రం. 1905లో ఎలగందల జిల్లా కరీంనగర్ జిల్లాగా మారినప్పుడు జమ్మికుంట, జగిత్యాల, సిరిసిల్ల, మహాదేవపూర్, పరకాల తాలూకాలతో పాటు సుల్తానాబాద్ తాలూకా కూడా అందులో ఉంది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2016 అక్టోబర్ 11న పెద్దపల్లి జిల్లా ఏర్పడింది. 2018లో ఊరు పురపాలక సంఘమైంది. పాలనాపరమైన ఈ మార్పులన్నిటికీ కాగితం ఆధారముంది. ఆ కాగితాల్లో పెరడు మాత్రం కనిపించదు.

దానికి కారణం స్పష్టం. హైదరాబాద్ రాజ్య రెవిన్యూ వ్యవస్థ భూమిని ప్రధానంగా మూడు రకాలుగా చూసింది: వాన మీద ఆధారపడిన ఖుష్కి, చెరువు కాలువల కింది తరి, బావి నీటితో తోటపంటలు పండే బాగాత్. మూడింటికీ శిస్తు ఉంది కనుక మూడింటికీ లెక్క ఉంది. ఊరి ఇళ్లున్న నేల ఆబాదీ. దాని మీద భూమిశిస్తు లేదు. శిస్తు లేని చోట ఏ మొక్క ఉందో, ఏ కాయ కాసిందో రాసుకోవలసిన అవసరం పట్వారీకి కలగలేదు. తెలంగాణ భూచరిత్రకు పునాది వంటి 1954–55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారు పేరు, సాగుదారు పేరు, పంట వివరం దొరుకుతాయి. ఇంటి వెనుక బీరతీగ ప్రస్తావన ఎంత వెదికినా దొరకదు. తాటిచెట్టు, ఈతచెట్టు ఆబ్కారీ పన్ను కిందికి వచ్చేవి గనుక వాటికి లెక్క ఉంది. అదే ఊళ్లోని పెరటి మునగచెట్టుకు లేదు.

2020 ఏప్రిల్ 24న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన స్వామిత్వ పథకం గ్రామాల ఆబాదీ నేలను డ్రోన్లతో కొలవడం మొదలుపెట్టింది. నూటయాభై ఏళ్ల సర్వే చరిత్రలో ఇళ్ల జాగాల మీద ఇంత శ్రద్ధ చూపడం విశేషమే. కానీ డ్రోను చూసేది హద్దును. హద్దులోపలి చెట్టును చూడటం దాని పని కాదు.

భాషాపరిశోధన కూడా ఈ విషయంలో ఎక్కువ ముందుకు పోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ సంపుటితో మొదలైన మాండలిక వృత్తిపదకోశం తెలుగు పరిశోధనకు తలమానికమైన కృషి. అయితే పెరడు వృత్తి కాదు. అది కూలికి చేసేది కాదు, కులానికి కట్టుబడినదీ కాదు. ఇంటిపనిలో ఇమిడిపోయిన పని. అందువల్ల అది ఏ వృత్తికోశానికీ శీర్షిక కాలేదు. 'పెరటిచెట్టు మందుకు రాదు' అన్న సామెతను చరిత్ర రచనకు అన్వయించినా తప్పు లేదేమో. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో సురవరం ప్రతాపరెడ్డి కావ్యాలను సాంఘిక ఆధారాలుగా చదివే దారి చూపారు. రాజశాసనం చెప్పని తిండి, బట్ట, ఆట, వేడుక సాహిత్యంలో దొరుకుతాయని ఆయన నిరూపించారు. పెరడు విషయంలో ఆ దారిని ఇంకొంత ముందుకు తీసుకువెళ్లాలి. ఇక్కడ ఇంటి కట్టడం, వాడుకమాట, పండుగ ఆచారం కూడా ఆధారాలే.

కప్పు మీది తీగ

మట్టికప్పుతో సమతలంగా ఉండే మిద్దె ఇళ్లు రాయలసీమలోనూ, తెలంగాణ దక్షిణ భాగంలోనూ ఎక్కువ. గోదావరికీ మానేరుకూ నడుమనున్న సుల్తానాబాద్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇంత వానకు వాలుకప్పు అనుకూలం. అందుకే ఇక్కడ పేదలవి గడ్డికప్పుల గుడిసెలు, ఉన్నవాళ్లవి గూనపెంకల ఇళ్లు. మరీ కలిగినవాళ్లవి నడుమ ఆరుబయలుతో నాలుగు వైపులా గదులున్న భవంతులు. వాలుకప్పు మీద తోట పెట్టలేరు. తీగను పాకించవచ్చు.

ఇంటి గోడవార గుంత తీసి, పెంటకుప్ప నుంచి తెచ్చిన ఎరువు వేసి, మిరుగు రాగానే ఆనిగెపు, గుమ్మడి, బీర విత్తనాలు పెట్టడం ఈ ప్రాంతపు ఇంటింటి ఆచారం. మిరుగంటే మృగశిర కార్తె. మొలకెత్తిన తీగకు కట్టెతోనో తాడుతోనో దారి చూపితే అది కప్పెక్కుతుంది. ఇందులో తెలివైన లెక్క ఉంది. కప్పు మీది కాయకు తడినేల తగలదు గనుక కుళ్లదు. మేకకూ కోడికీ అందదు. నేల మీద జాగా అసలే పట్టదు. తీగ పరుచుకున్నంత మేర ఇంట్లో వేడి కూడా కొంత తగ్గుతుంది. పెంకులు కదలడం, వాన కురవడం దీనివల్ల కలిగే నష్టాలు. వానాకాలానికి ముందు ఇల్లు సరిచేసుకునే పని ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆ నష్టాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

కనుక పైకప్పు మీద ఆహారం పండించడం ఈ నేలకు కొత్త కాదు. కొత్తదనం వేరే చోట ఉంది. పాతపద్ధతిలో వేరు నేలలోనే ఉండి కాయ మాత్రం కప్పు మీద ఉండేది. స్లాబు ఇంట్లో వేరు కూడా పైకెక్కవలసి వచ్చింది. మట్టి, నీరు, ఎరువు అన్నిటినీ మనుషులే మోసుకుపోవలసి వచ్చింది. పెరటికీ మిద్దెతోటకూ అసలైన తేడా ఇదే.

పెరట్లోని మొక్కలను గురించి ఒక అపోహను ఇక్కడే తొలగించుకోవాలి. పెరడు అనగానే అనాదిగా మారని దేశీయ వృక్షసంపద అనే భావన కలుగుతుంది. బీర, కాకర, దొండ, పొట్ల, ఆనిగెపు నిజంగానే ప్రాచీనమైనవి. కానీ జామ, బొప్పాయి, సీతాఫలం, మిరప, టమాట, సపోట అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. పోర్చుగీసులు 1498లో భారత తీరానికి చేరిన తరవాతనే ఇవి క్రమంగా దక్కనులోకి ప్రవేశించాయి. సీతాఫలం తెలంగాణ గుట్టల్లో తనంత తాను పెరిగే అడవిచెట్టయింది. దానికి సీతమ్మ పేరు దక్కింది. మిరప లేని తెలంగాణ వంటను ఊహించడమే కష్టం. పరాయి మొక్కను రెండు మూడు తరాల్లో సొంతం చేసుకోగల గుణం పెరటికి ముందునుంచీ ఉంది. మిద్దె మీద డ్రాగన్ ఫ్రూట్ పెంచితే అది సంప్రదాయం కాదని ఆక్షేపించేవారికి జామచెట్టు చరిత్రే సమాధానం.

బావి, గోలెం, వాడిన నీరు

పెరటికి ఆయువుపట్టు చేదబావి. బావి ఉన్న ఇంట్లో నిమ్మ, దానిమ్మ, అరటి ఉండేవి. బావి లేని ఇంట్లో వానకు బతికే తీగలు, మునగ, కరివేపాకు మాత్రమే ఉండేవి. పెరడు పచ్చదనంలో తరతమాలకు మొదటి కారణం జాగా కాదు, నీరు. అంట్లు తోమిన నీరు, స్నానం చేసిన నీరు కాలువ కట్టి అరటి మొదట్లోకో చేమగడ్డల మడిలోకో వదిలేవారు. నేటి పర్యావరణ పరిభాషలో దీనికి పునర్వినియోగం వంటి పెద్దపేర్లున్నాయి. చేది పోసుకునే నీటిని ఊరికే పారబోయడానికి మనసొప్పని గృహిణులకు అది రోజువారీ పని.

నీటిని నిలవ చేసుకునే పాత్రకు ఈ ప్రాంతంలో గోలెం అని పేరు. వాకిట్లోనో పెరట్లోనో గోలెం నిండా నీళ్లుండటం ఇంటి మర్యాద. పూలమొక్కలు పెంచే కుండీని పూలగోలెం అనడమూ వాడుకలో ఉంది. నీటిపాత్ర పేరే మొక్కపాత్రకు చెల్లింది. పగిలిన కుండ, చిల్లిపడిన బకెట్టు, పాత గోలెం పారేయకుండా అడుగున మట్టి నింపి పుదీనానో కొత్తిమీరనో పెట్టడం చాలా పాత అలవాటు. ఈ రోజు మిద్దె మీద నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోసి జామమొక్క నాటుతున్నవారు ఆ అలవాటునే పెద్దయెత్తున చేస్తున్నారు. తెలంగాణ మాటలను సేకరించిన నలిమెల భాస్కర్ 'తెలంగాణ పదకోశం' వంటి గ్రంథాలను ఇంటితోట కోణంలో తిరిగి చదివితే పుంటికూర, గంగవాయిలి వంటి మాటల చుట్టూ చాలా సమాచారం తేలుతుంది. గంగవాయిలి ఎవరూ విత్తకుండానే మొలిచే కూర. తోటలో కలుపుగా పీకేసేవారు కొందరు, కోసి పప్పులో వేసుకునేవారు కొందరు. ఏది కలుపు, ఏది కూర అన్న నిర్ణయం కడుపు నిండటాన్ని బట్టి ఉంటుంది.

శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. తరవాతి దశాబ్దాల్లో కాకతీయ కాలువ నీరు కరీంనగర్ జిల్లా పొలాలకు చేరింది. జొన్న, మక్కజొన్న, పప్పుధాన్యాలు, కూరగాయలు కలిసి పండిన చెలకల్లో చాలా భాగం వరిపొలమైంది. సుల్తానాబాద్ రైసుమిల్లుల ఊరుగా పేరు తెచ్చుకుంది. ధాన్యం సమృద్ధి అయింది, కూర దూరమైంది. మదనపల్లె టమాట, ఇరుగు రాష్ట్రాల ఉల్లిగడ్డ అంగడికి వచ్చి చేరాయి. అదే కాలంలో బోర్లు, నల్లాలు వచ్చి చేదబావులు మూలబడ్డాయి. ఎండినవి కొన్ని, చెత్త నింపి పూడ్చినవి కొన్ని, గది కట్టుకోవడానికి అడ్డమని మూసినవి కొన్ని. కాలువ నీటి చరిత్ర రాసినవారున్నారు. బావి పూడ్చిన చరిత్ర ఇంకా రాయవలసి ఉంది.

గడీ తోట, ఊరి పెరడు

పెరటిని గురించి రాసేటప్పుడు గతం మీద మమకారం సత్యాన్ని కప్పేసే ప్రమాదముంది. పెరడు అందరిదీ కాదు. నిజాం కాలపు గ్రామంలో పండ్లతోట అంటే ముందుగా గుర్తొచ్చేది దొర గడీ. బావి, మోట, మామిడి, నిమ్మ, సంపెంగ అక్కడ ఉండేవి. వాటికి నీళ్లు పోసింది వెట్టివాళ్లు. ఊరి ఇళ్లలో కాసిన కూరగాయలు, పాలు, పెరుగు, విస్తరాకులు గడీకి చేరవేయడం కూడా వెట్టిలో భాగమే. కనుక పెరట్లో కాసిన కాయ మీద పండించినవారికి పూర్తి హక్కు లేదు. ఊరి చివరి దళితవాడల్లో ఇంటికీ ఇంటికీ మధ్య చీపురు పట్టేంత సందు కూడా లేని చోట పెరడన్న మాటకే అర్థం లేదు. ఊరిబావి నీరే ముట్టనివ్వని రోజుల్లో మొక్కకు నీరెక్కడిది?

కూరగాయలను అంగడి కోసం పండించడం వేరే వ్యవస్థ. ఆదిలాబాద్ ప్రాంతంలో మాలీలు ఈ పనిలో పేరుపొందారు. దక్కను పట్టణాల్లో పండ్ల వ్యాపారంతో బాగ్వాన్లకు సంబంధముంది. కులవృత్తిగా సాగిన ఆ తోటపనికి కనీసం పేరు మిగిలింది. ఇంటి స్త్రీ చేసిన పెరటిపనికి పేరూ లేదు, కూలీ లేదు. ఏ విత్తనం ఎప్పుడు ఎండబెట్టాలి, బూడిదలో కలిపి ఎలా దాచాలి, ముదిరిన ఆనిగెపుకాయను తీగ మీదే ఎన్నాళ్లుంచితే విత్తనానికి పనికొస్తుంది అన్న జ్ఞానమంతా అత్త నుంచి కోడలికి, పుట్టింటి నుంచి మెట్టినింటికి నోటిమాటగా నడిచింది. పెళ్లయి వచ్చిన పిల్ల కొంగుకు కట్టుకొచ్చిన విత్తనాలు ఊరి పెరళ్లలో కొత్త రకాలయ్యాయి. విత్తనాల ఈ ప్రయాణం పెళ్లి సంబంధాల పటంతో కలిపి చదవదగినది.

1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చినా గడీల ప్రాబల్యం ఈ జిల్లాలో మరో తరం సాగింది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర, ఆ తరవాత సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం చరిత్రలో నమోదైన ఘటనలే. వెట్టి సడలింది. దొరలు చాలామంది కరీంనగర్‌కో హైదరాబాద్‌కో వెళ్లిపోయారు. గడీ తోటలకు నీరు పోసే చేతులు లేకుండా పోయాయి. పేదింటి పెరటికి మాత్రం అప్పుడే కొంత స్వేచ్ఛ వచ్చింది. కాసింది కాసినవాళ్లు తినగలిగారు. విచిత్రమేమంటే సరిగ్గా అదే సమయంలో ఆ పెరడు కుదించుకుపోవడం మొదలైంది.

స్లాబు, గజం

1960ల చివర నుంచి బసంత్‌నగర్‌లో సిమెంటు ఉత్పత్తి, 1980లలో రామగుండంలో విద్యుత్ కేంద్రం, గోదావరిఖని గనుల జీతాలు ఈ దారి పొడుగునా ఇంటి రూపాన్ని మార్చాయి. గూనపెంకల స్థానంలో స్లాబు వచ్చింది. ప్రభుత్వ గృహనిర్మాణ పథకాలు, 2006లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం పేదలకూ స్లాబును అందించాయి. ఇల్లు గట్టిపడింది, కురవడం ఆగింది. అది చిన్న మేలు కాదు. అయితే కాలనీ ప్లాటులో పెరటికి చోటు పెట్టలేదు.

కొలత కూడా మారింది. పాతకాలంలో భూమి గుంటల్లో నడిచేది. గుంటకు 121 గజాలు, నలభై గుంటలు ఎకరం. రాజీవ్ రహదారి వెంట పొలాలు ప్లాట్లయ్యాక నేల గజాల్లో అమ్ముడుపోసాగింది. గజానికి వేలు పోసి కొన్నవారు దాన్ని మట్టిగా వదిలేయడానికి ఇష్టపడరు. ఇంటి చుట్టూ మిగిలిన జానెడు జాగాకూ గచ్చు చేస్తారు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ముందుగా రెండు ముక్కలయ్యేది పెరడే. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం 75 చదరపు గజాల లోపు స్థలంలో ఇంటికి అనుమతి అక్కరలేదని, రిజిస్ట్రేషన్ చాలునని చెప్పింది. పేదలకు అది ఊరట. అయితే 75 గజాల్లో ఇల్లు కట్టిన తరవాత మొక్కకు మిగిలేది ఆకాశం వైపు దారి ఒక్కటే.

మిద్దెతోట: మాట, మనిషి

ఈ నేపథ్యంలోనే 'మిద్దెతోట' అనే మాటను చూడాలి. 'టెర్రస్ గార్డెన్'కు ఇది అనువాదమని అనిపించవచ్చు. కానీ తెలుగులో రెండు పాత మాటలు కలిసి సహజంగా ఏర్పడిన సమాసమిది. ఈ మాట ప్రచారంలోకి రావడంలో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి పాత్ర ప్రధానమైనది. కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చి, సింగరేణి నేపథ్యాన్ని సాహిత్యంలోకి తెచ్చిన రచయిత ఆయన. 'పనిపిల్ల', 'చావు విందు' వంటి కథలతో ఆయన సాహిత్య పాఠకులకు సుపరిచితులు. హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి పైకప్పు మీద కూరగాయలు, పండ్లు, పూలు పెంచి, ఆ అనుభవాన్ని రాతల ద్వారా, మాటల ద్వారా వేలమందికి చేర్చారు. 'సాక్షి' దినపత్రికలో వచ్చిన 'ఇంటిపంట' శీర్షిక కూడా ఈ ప్రచారానికి తోడైంది. ఉద్యానశాఖ రాయితీ మీద సిల్పాలిన్ కవర్లు, విత్తనాలు అందించే పథకాలను హైదరాబాద్‌లో అమలు చేసింది.

సాహిత్య పరిశోధకులు రఘోత్తమరెడ్డి కథలను ఒక చోట, మిద్దెతోటను మరో చోట పెట్టి మాట్లాడటం కనిపిస్తుంది. ఈ విభజన సరైనది కాదు. శ్రమ ఎవరిది, దాని ఫలం ఎవరిది అన్న ప్రశ్న చుట్టూ కథలు రాసిన రచయిత తన చేతుల శ్రమతో తన తిండి పండించుకోవడం వైపు మొగ్గితే దాన్ని విశ్రాంత జీవితపు కాలక్షేపంగా తీసిపారేయడం తగదు. ఉత్తర తెలంగాణ పల్లె నుంచి నగరానికి వెళ్లిన తరం తన వెంట పెరటి జ్ఞాపకాన్ని తీసుకుపోయింది. నగరం దానికి మిద్దెను ఇచ్చింది. అదే రూపం తిరుగుప్రయాణంలో సుల్తానాబాద్ వంటి చిన్న పట్టణాలకు వచ్చింది. నగరం నుంచి పల్లెకు వచ్చిన ఫ్యాషన్ అని చెప్పేవారు ఈ ప్రయాణంలో రెండో సగాన్ని మాత్రమే చూస్తున్నారు.

ప్రపంచ చరిత్రలో ఇంటితోట సాధారణంగా కరువులో, యుద్ధంలో ముందుకు వచ్చింది. 1939 తరవాత బ్రిటన్ పౌరులను పూలతోటలు తవ్వి కూరగాయలు వేయమంది. బెంగాల్ కరువు నేపథ్యంలో 1943లో భారతదేశంలో అధికాహారోత్పత్తి ఉద్యమం మొదలైంది. సోవియట్ యూనియన్ పతనం తరవాత 1990లలో హవానా నగరం ఖాళీజాగాలన్నిటినీ కూరమడులు చేసింది. 1948లో హైదరాబాద్‌లో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా ఉన్న కె.ఎం. మున్షీయే 1950లో కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రిగా వనమహోత్సవాన్ని ప్రారంభించారు. ఈ ఉద్యమాలన్నీ పైనుంచి వచ్చిన పిలుపులు. 2015 జులైలో మొదలైన తెలంగాణకు హరితహారంలో ఇంటింటికీ మొక్కలు పంచడమూ ఆ కోవలోదే. మిద్దెతోట వ్యాప్తి ఎక్కువగా పక్కింటిని చూసి పక్కిల్లు నేర్చుకున్న పద్ధతిలో జరిగింది. ఈ అంశంలో అది పెరటికే దగ్గర.

ఊక, మట్టి, బరువు

స్లాబు మీద మట్టిని మోయడం కట్టడానికి సంబంధించిన ప్రశ్న కూడా. తడిసిన మట్టి ఘనమీటరుకు ఒకటిన్నర టన్నుకు పైగా తూగుతుంది. అడుగు లోతు మట్టిని స్లాబంతా పరిస్తే చదరపు మీటరుకు దాదాపు 500 కిలోల బరువు పడుతుంది. మనుషులు తిరిగే పైకప్పుకు భారతీయ ప్రమాణాలు లెక్కలోకి తీసుకునే అదనపు భారం చదరపు మీటరుకు 150 కిలోలే. అందుకే అనుభవజ్ఞులు బరువైన కుండీలను దూలాల మీద, గోడలవార పెట్టిస్తారు. మడుల కింద గాలి ఆడేలా ఎత్తు కట్టిస్తారు. రెండు పాళ్ల ఎర్రమట్టికి ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలపడం వాడుకలో ఉన్న పద్ధతి. బరువు తగ్గించడానికి కొబ్బరిపొట్టు కొనేవారున్నారు. సుల్తానాబాద్‌లో అంతదూరం పోనక్కరలేదు. రైసుమిల్లుల ఊక ఊళ్లోనే దొరుకుతుంది. ఊకను మట్టిలో కలిపితే మట్టి గుల్లబారి నీరు త్వరగా దిగుతుంది. కాల్చిన ఊక బూడిదలో అత్యధిక భాగం సిలికా. దానికి క్షారగుణం ఉంది కాబట్టి మోతాదు మించకూడదు. పెరటిని మింగిన వరిపంటే మిద్దెతోటకు ఊకనిస్తోంది.

కుండీలో పండ్లచెట్టు బతకడానికి అంటుకట్టే విద్య మూలం. గింజ నుంచి వచ్చిన మామిడి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, అంతలో దాని వేళ్లకు కుండీ చాలదు. అంటుమొక్క రెండు మూడేళ్లలోనే కాస్తుంది. తైవాన్ పింక్ జామ, నిమ్మ, దానిమ్మ ఇలాగే మిద్దె ఎక్కాయి. ఈ మేలుతో పాటు పరాధీనత కూడా వచ్చింది. పెరటి ఆనిగెపు విత్తనం పక్కింటి నుంచి వచ్చేది. కుండీలోని అంటుమొక్క నర్సరీ నుంచి, సంకర విత్తనం దుకాణం నుంచి రావాలి. హైబ్రిడ్ విత్తనాన్ని దాచి మళ్లీ వేస్తే అదే గుణం నిలవదు. కోడలి కొంగున విత్తనం నడిచిన దారి ఇక్కడ మూసుకుపోయింది.

నీరు మరో చిక్కు. మిషన్ భగీరథలో పురపాలక సంఘాలకు తలకు రోజుకు 135 లీటర్ల లెక్క ఉంది. అది తాగడానికి, ఇంటివాడకానికి శుద్ధి చేసిన నీరు. రామగుండంలో మే నెల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం అరుదు కాదు. ఆ ఎండలో సిమెంటు మీది కుండీకి రోజుకు రెండుసార్లు నీళ్లు కావాలి. శుద్ధిజలాన్ని మొక్కకు పోయడం న్యాయమా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. అయితే 1,000 చదరపు అడుగుల స్లాబు మీద ఈ ప్రాంతపు వాన ఏడాదికి సుమారు 93 వేల లీటర్లు. ఆ నీరంతా గొట్టం గుండా మురుగుకాలువలోకి పోతోంది. పాత ఇంట్లో అంట్ల నీరు అరటికి పోయినట్టు కొత్త ఇంట్లో ఏ నీరూ ఏ మొక్కకూ పోకుండా ఇంటి గొట్టాలు అమర్చడం మేస్త్రీలకు అలవాటైంది.

కోతుల సంగతి చెప్పకపోతే ఈ వివరణ అసంపూర్ణం. ఉత్తర తెలంగాణ పట్టణాల్లో జామ, దానిమ్మ పెంచడం మానుకున్నవారిలో చాలామంది చెప్పే కారణం ఎండ కాదు, నీరు కాదు, కోతి. అడవి తరిగి, గుట్టలు క్వారీలై, పండే చెట్లు పోయిన తరవాత కోతి ఊరి మీద పడింది. తోట చుట్టూ వల కట్టుకోగలిగినవారికే పండు దక్కుతోంది. పూర్వం పేదవారి పెరటికి ముళ్లకంప చాలేది. వల ఖరీదు వేరు.

బతుకమ్మ ముందు

పెరడు ఏటా ఒకసారి వీధిలోకి వచ్చి కనిపించే సందర్భం బతుకమ్మ. గునుగు, తంగేడు చెలకల నుంచి, గుట్టల నుంచి వస్తాయి. బంతి, చేమంతి, మందార, సీతమ్మజడ, బీరపువ్వు, గుమ్మడిపువ్వు పెరటివి. పళ్లెంలో పరిచేది గుమ్మడాకు. గుమ్మడిపువ్వుతో గౌరమ్మను చేస్తారు. మిరుగుకు పెట్టిన తీగ భాద్రపద అమావాస్య నాటికి పూతలో ఉంటుంది. అంటే పంట కాలమూ పండుగ కాలమూ ఒకదానికొకటి సరిపోయాయి. ఏ ఇంటి బతుకమ్మలో ఏ పూలున్నాయో చూస్తే ఆ ఇంటి వెనుక ఏముందో తెలిసిపోయేది. రెవిన్యూ శాఖ ఉంచుకోని పెరటి పహాణీని స్త్రీలు ఏటా తొమ్మిది రోజులు పేర్చి, తుదకు నీళ్లలో వదిలారు.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. బంతి, చేమంతి అంగడిలో కిలోల లెక్కన అమ్ముడుపోతున్నాయి. గుమ్మడాకు కూడా కొనే వస్తువైంది. మిద్దె మీద మొక్కలు పెంచే స్త్రీలు పండ్లకూ కూరగాయలకూ కేటాయించిన కుండీల మధ్య బంతికి, సీతమ్మజడకు రెండు మూడు కుండీలు విడిగా ఉంచుకోవడానికి నేపథ్యం ఇదే. ఆదాయం, ఆరోగ్యం, విషం లేని ఆహారం అనే కారణాలతోనే మిద్దెతోటను వివరించే అధ్యయనాలు ఈ రెండు కుండీలను వివరించలేవు.

మిద్దె అందరిదీ కాదన్న వాస్తవం కూడా ఇక్కడే బయటపడుతుంది. అద్దెయింటివారికి పైకప్పు మీద హక్కు లేదు. యజమాని ఒప్పుకుంటేనే కుండీ, ఒప్పుకున్నా ఇల్లు మారేటప్పుడు చెట్టును మోసుకుపోలేరు. గుడిసె పోయి అపార్ట్‌మెంటు వచ్చినచోట పైకప్పు ఉమ్మడిది. దాని మీద నీళ్లట్యాంకులు, డిష్ యాంటెన్నాలు, ఎవరిదని తేలని తాళం. ఒకప్పుడు బావి ఎవరిదో అడిగితే పెరడు ఎవరిదో తెలిసేది. ఇప్పుడు మెట్లగది తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగాలి.

సుల్తానాబాద్ వంటి ఊరిలో ఈ చరిత్రకు ఆధారాలు ఇంకా మనుషుల్లోనే ఉన్నాయి. డెబ్బై ఏళ్లు దాటిన స్త్రీలను పెరట్లో ఏమేం ఉండేవని అడిగితే సాధారణంగా జాబితా వస్తుంది. బావి ఏ ఏడు పూడ్చారని అడిగితే చరిత్ర వస్తుంది. ఆ ఏడు పెద్దకొడుకు పెళ్లి అయింది, ఆ ఏడు అన్నదమ్ములు వేరుపడ్డారు, ఆ ఏడు స్లాబు పోశారు. పూడ్చిన బావి మీద ఇప్పుడు ఏముందన్నది తరవాత అడగవలసిన ప్రశ్న. చాలాచోట్ల అక్కడ మిద్దె మీదికి పోయే మెట్లున్నాయి.